గూట్లో ఎర్ర గన్నేరు

మా అత్తగారు ఏ పని తలపెట్టినా ముందు కులదేవతను పువ్వు అడుగుతారు. పళని దారిలో ఉంది ఆ గుడి. ఒక తెల్ల పువ్వునూ ఒక ఎర్ర పువ్వునూ వేరువేరుగా ఆకుల్లో చుట్టి అమ్మవారి పాదాల దగ్గర వేస్తారు. ఇంటివాళ్ళు ఒకటి తీయాలి. తెల్లదైతే సరే, ఎర్రదైతే వద్దని. కోయంబత్తూరులో షెడ్డు వేయాలన్నా, తోటలో బోరు దింపాలన్నా, సంబంధం ఖాయం చేయాలన్నా తమిళనాట స్థిరపడిన మావాళ్ళకు అదే పద్ధతి. నా పెళ్ళికి తెల్ల పువ్వే వచ్చిందట. ఆ శాస్త్రం ఎంత నిజమో తెలియడానికి అదొక్కటి చాలదా అని అత్తగారి ముఖం మీదే చాలాసార్లు అన్నాను.

మా అమ్మాయి ఢిల్లీలో ఒక పెద్ద విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టింది. ఫిజిక్సు చదవాలని దాని కోరిక. దేశమంతా పోటీపడే రాతపరీక్షలో నెగ్గింది. ఇక మిగిలింది ఇంటర్వ్యూ, అదీ కంప్యూటర్లోనే. సరిగ్గా అప్పుడే అత్తగారు పువ్వు అడగాలన్నారు. నేను ఎగిరిపడ్డాను. అమ్మాయే నవ్వి, అవ్వ సంతోషానికి ఒక పూట పోయొద్దాం, పువ్వు నేనే తీస్తాను అంది.

ఎర్ర గన్నేరు వచ్చింది.

తిరిగి వచ్చే దారంతా నేను వాదిస్తూనే ఉన్నాను. ఆకు చుట్టింది పూజారి, దేవత కాదన్నాను. ఈ బిడ్డ లెక్కలు చేస్తుంటే ఆ తల్లి పక్కన కూర్చుని చూసిందా అన్నాను. అత్తగారు నన్ను తిట్టలేదు. పోవద్దని కూడా అనలేదు. తిట్టి ఉంటే నాకు బలం వచ్చేది. ఇంటికి రాగానే ఆవిడ ఆ పువ్వును దేవుడి గూట్లో పెట్టారు. దీపం వెలిగించబోయినప్పుడల్లా నా కళ్ళు ముందు దాని మీదే పడేవి. అది ఎండి, నల్లబడి, అక్కడే ఉండేది.

ఇంటర్వ్యూ రోజున ఓరగా వేసిన తలుపు వెనక నిలబడి విన్నాను. అమ్మాయి గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో జవాబులు చెబుతోంది. ఇంతలో గోడ మీద బల్లి పలికింది. అమ్మాయి మాట ఆగిపోయింది. తొంగిచూస్తే, తెర వదిలేసి తలెత్తి, బల్లి ఏ దిక్కున ఉందా అని గోడంతా వెతుకుతోంది. అవతలి పెద్దమనిషి ఏమైందని అడిగాడు. ఏమీ లేదంది. ఆ తర్వాత గొంతులో మునుపటి పదును లేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నేనూ ఆ గోడే చూశాను.

అయినా సీటు వచ్చింది. నేను నేరుగా వంటింట్లోకి పోయి, "చూస్తిరా అత్తా, మీ ఎర్ర పువ్వు సంగతి?" అన్నాను.

ఆవిడ చింతపండు పిసుకుతూనే ఉన్నారు. "సీటు వచ్చిండాది, సరి. బిడ్డ ఇంకా పోలేదు కదా."

సీటు కావాలని ఆ సాయంత్రంలోగా కంప్యూటర్లో ఒప్పుకోవాలి. ఒక్కసారి నొక్కితే చాలు. అమ్మాయి ఆ పేజీ తెరిచి పెట్టుకుని కూర్చుంది, నొక్కలేదు. లేచి అవ్వ దగ్గరికి పోయింది.

"అవ్వా, ఇంకోతూరి పువ్వు అడుగుదామా?"

"ఒక కారియానికి రెండుతూర్లు అడగకూడదు కన్నూ. నువ్వు పో. నేను వద్దు, వేండామన్లేదే."

నాకు ఒళ్ళు మండింది. చదువుకున్నదానివి, రెండు ఆకులకూ ఒక బల్లికీ బెదురుతావా అని దులిపేశాను. అది అంతా ఓపిగ్గా వింది.

"నాకూ తెలుసుమ్మా. అయినా తీసింది నా చెయ్యే కదా."

పొద్దు వాలుతుండగా అమ్మాయి కళ్ళు మూసుకుని మీట నొక్కింది.

ప్రయాణం రోజున గూడు ఖాళీగా కనిపించింది. అత్తగారు చివరికి పారేశారనుకున్నాను. పెట్టె సర్దుతుంటే బట్టల మధ్య ఒక చేతిరుమాలు తగిలింది. విప్పితే ఆ గన్నేరు. అమ్మాయి నా చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకుంది.

"ఇక్కడే ఉంటే మీకెవరికన్నా ఏమన్నా అవుతాదిమ్మా. నాతోనే రానీ."

ఏదో అనబోయాను. అత్తగారు గుమ్మంలో నిలబడి నా నోటి వంకే చూస్తున్నారు. రుమాలు మళ్ళీ మడిచి, బట్టల అడుగున పెట్టి, పెట్టె మూసేశాను.