నీరటి కార్డుకు నేను వేసిన మార్కు

నాలుగేళ్లుగా మోస్తున్న బరువును మొన్న మా ల్యాబ్‌లో తక్కెడ మీద పెట్టి చూశాను. పదిహేను గ్రాములు. గుండె మీద బండరాయి అని రాద్దామనుకున్నాను గానీ, తూచాక అబద్ధం ఆడడం కష్టం. తొమ్మిది అట్టముక్కలు. ఒక్కోటి అరచేతిలో సగం ఉంటుంది. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో నాణ్యత చూసే విభాగంలో పని చేస్తాను కాబట్టి దశాంశాలతో సహా చెప్పగలను. అవసరం లేదు.

ఇది ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరే ఎందుకంటే, మీరు నవ్వినా నవ్వకపోయినా నాకు కనబడదు. ఎదుట మనిషి ఉంటే నేను జోకు వేస్తాను. అది నా జబ్బు. ఈ కథంతా ఆ జబ్బు గురించే.

నేను రుద్రారంలో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ఏడుగురం కలిసి ఒక కార్డుల ఆట కట్టాం. పేకాట కాదు. ప్రతి కార్డుకూ ఒక బొమ్మ, ఒక పేరు, ఒక పని ఉంటాయి. మా ఆట మా చుట్టూ ఉన్నదాని గురించే. ఫ్యాక్టరీ, బాయిలర్, లారీ, ట్యాంకర్, బోరు, మడి. ఒకడు ఫ్యాక్టరీలు పెట్టి గెలవచ్చు, ఇంకొకడు పొలాలు పెట్టి గెలవచ్చు. నిజంలో రెండోవాడు గెలవడు గానీ, ఆట కదా.

ఆడే పద్ధతి పేరు డ్రాఫ్ట్. తలా ఒక కట్ట విప్పుతాం. అందులోంచి ఒక కార్డు తీసుకుని మిగతావి ఎడమపక్కవాడికి ఇస్తాం. వాడూ ఒకటి తీసుకుని పక్కకు ఇస్తాడు. అలా తిరిగి తిరిగి, చేతికి చిక్కినవాటితోనే ఎవడి ఆట వాడు కట్టుకోవాలి. ఏం వస్తుందో తెలియదు. మంచి కార్డు ముందున్నా, దానికి తోడు రావలసినవి రాకపోతే అది వట్టి అట్టముక్క.

ఆ అట్టముక్కలన్నీ ప్రింటు తీసి, కోసి ఇచ్చింది క్యాంపస్ గేటు ఎదురుగా జిరాక్స్ షాపు నడిపే నర్సింలు. అసలు పేరు అది కాదు. మా దిక్కు నర్సింలు అని పిలిస్తే రోడ్డు మీద నలుగురు వెనక్కి తిరుగుతారు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. అన్నా అనేవాణ్ని, తమ్మీ అనేవాడు. రెండువందల నలభై కార్డులు, మూలలు గుండ్రంగా, ఒక్కటి వంకర లేకుండా కోశాడు. కోస్తూ కోస్తూ చదివాడు. చదివి ఆట నేర్చుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నాలు షట్టరు సగం దించి, ఎనిమిదో మనిషిగా మా గదికి వచ్చి కూర్చునేవాడు.

ఒకరోజు తనే ఒక కార్డు గీసి తెచ్చాడు. పేరు నీరటి.

మాలో సగం మందికి ఆ మాట తెలియదు. చెరువు తూము తెరిచి, పార భుజానేసుకుని, ఊళ్లో ఏ మడికి ఎప్పుడు ఎన్ని నీళ్లు పారాలో చూసే మనిషి. నర్సింలు తాత చేసిన పని అది. ఆయనకు సొంతంగా గుంట భూమి లేదు. అందరి మళ్లూ తడిపేవాడు. అన్నిటికంటే కింద, చివరన ఉన్న మడి తడవనిదే ఇంటికి వచ్చేవాడు కాదట. ఆ కార్డు చేసే పని కూడా అంతే: నీళ్లు ఎక్కువున్న మడి నుంచి లేని మడికి మళ్లిస్తుంది, అన్ని మళ్లూ తడిసిన వంతులో మడికో పాయింటు ఇస్తుంది. ఒక్క మడి ఉంటే ఆ కార్డు దండగ. నాలుగుంటే భయంకరం. ఇలాంటి, ఒకే ఒక దారిలో పనికొచ్చే కార్డుల్ని మేము మూల కార్డులు అనేవాళ్లం. మూలన పడి ఉంటాయి, తమ రోజు వస్తే లేస్తాయి.

బొమ్మలో మనిషి తలకు తువ్వాల చుట్టుకుని వంగి ఉన్నాడు. ముఖం కనబడదు. తాత ఫోటో ఒక్కటి కూడా లేదట, అందుకని అలా గీశాడట. నేను అప్పుడు ఏదో మింగాను. జోకే అయి ఉంటుంది. ఆ ఒక్కసారే మింగాను.

పెట్టెలో అరవై రకాల కార్డులకే చోటు. యాభై తొమ్మిది ఖాయమయ్యాయి. మిగిలింది ఒకే ఖాళీ. పెట్టెలో పెట్టే కాగితం మీద ఏ కార్డు ఎవరు తయారుచేశారో పేర్లు వేస్తాం. నా పేరు ఆరుసార్లు ఉంది. నర్సింలు అడిగింది ఒక్కసారి.

కార్డుల్ని పరీక్షించి ఐదుకు ఇన్ని అని మార్కు వేసే పని నాది. ఎందుకంటే నోటుబుక్కులో నేను రాసే వ్యాఖ్యలు చదివి అందరూ నవ్వేవారు. న్యాయాధిపతిని ఎన్నుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి ఉందా? కట్టలు కలిపి పేర్చే పని కూడా నాదే, ఇంకెవరికీ ఓపిక లేక. ఇప్పుడు నా ఉద్యోగంలో నమూనా తీసినవాడు ఫలితం మీద సంతకం పెట్టకూడదు. ఆ నియమం ఎందుకుందని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. నాకు మాత్రం ఎవరూ వివరించనక్కర్లేదు.

గురువారం షాపు ముందు అందరం ఉన్నాం. నీరటి కార్డు చేతిలోకి తీసుకుని పైకి చదివాను. చదివి అన్నాను: “ఇది మన హాస్టల్ నల్లా లెక్కుంది. తిప్పుతనే ఉండు, చుక్క రాదు.” అందరూ పగలబడి నవ్వారు. నర్సింలు కూడా నవ్వాడు. రెండు రోజులు ఆ మాటే నడిచింది. ఎవడు పని చేయకపోయినా వాణ్ని నీరటి అన్నారు. నా మాట ఊతపదం కావడం కంటే పెద్ద సన్మానం అప్పట్లో నాకు లేదు.

శనివారం మధ్యాహ్నం గదిలో నేనొక్కణ్నే ఉన్నాను. నేల మీద కార్డులు పరిచి, అటూ ఇటూ నేనే కూర్చుని ఆడి చూశాను. నీరటి పక్కన ఐదు మళ్లు. మూడోసారి వంతు వచ్చేసరికి నీళ్లు చివరి మడికి చేరాయి. ఎంత అందంగా కదిలాయో చెప్పలేను. నా ఆరు కార్డుల్లో ఒక్కటి కూడా అలా కదలదు. బాయిలర్ పేలుతుంది, సైరన్ మోగుతుంది, అన్నీ చప్పుళ్లే. ఇది నిశ్శబ్దంగా వచ్చి ఆట మొత్తాన్ని తిప్పేసింది. ఇంకోసారి ఆడాను. మళ్లీ గెలిచింది.

అప్పుడు నాకు ఏమనిపించిందో నిజాయితీగా రాయాలని ఈ పేరా మూడుసార్లు కొట్టేశాను. అసూయా? కొంచెం ఉంది. కానీ అసూయకైనా ఒక పరువుంటుంది, దాన్ని అడ్డం పెట్టుకుందామని చూస్తున్నానేమో. అసలు సంగతి చిన్నది, చెప్పుకోవడానికి కూడా సిగ్గేసేంత చిన్నది: ఆ కార్డు గెలిస్తే నా జోకు ఓడిపోతుంది. అంతే. నల్లాలో నీళ్లొస్తే ఇక ఎవరు నవ్వుతారు?

మడి కార్డులు మొత్తం పన్నెండు. కట్టలు పేర్చేటప్పుడు తొమ్మిది తీసి, నా ల్యాబ్ రికార్డుకు వేసిన గోధుమరంగు అట్టలోకి దూర్చాను. లెక్క తగ్గకుండా వాటి చోట తొమ్మిది అదనపు లారీ కార్డులు కలిపాను. ముంబై హైవే పక్కన ఉండేవాళ్లం, లారీలు ఎక్కువయ్యాయని ఎవడికి అనుమానం వస్తుంది?

ఆదివారం ఎనిమిది మందిమి గుండ్రంగా కూర్చున్నాం. పరీక్షలో ఉన్న కార్డును తయారుచేసినవాడికి ముందే ఇచ్చేస్తాం. తోడు కార్డులు వాడు అందరితోపాటు ఏరుకోవాలి. నర్సింలు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నీరటిని మోకాలి పక్కన బోర్లా పెట్టుకుని, కుడిపక్క నుంచి వచ్చే ప్రతి కట్టనూ విప్పి చూశాడు. లారీ. సైరన్. లారీ. బాయిలర్. ఒక మడి వచ్చింది. చాలాసేపటికి ఇంకొకటి. మూడోది మరెవడికో పోయింది. చివరి కట్ట అయిపోవచ్చినా అతని వేళ్లు ఇంకా వెతుకుతూనే ఉన్నాయి. నేను అతని ఎదురుగానే కూర్చున్నాను. ముఖం చూడకుండా వేళ్లు చూశాను. జిరాక్స్ ఇంకు అంటిన వేళ్లు.

అప్పుడు అడిగాడు. నాలుగేళ్లుగా నాతో ఉన్నది ఈ నాలుగు మాటలే.

“తమ్మీ, మడి కార్డులన్నీ కలిపినవా? నేను కోసినప్పుడు పన్నెండు ఉండె.”

“కలిపిన అన్నా.”

“కానస్తలేవు మరి.”

“గట్లనే అయితది. నీ నసీబు.”

“అయితే నాదే తప్పు. అందనిదాన్ని నమ్ముకుని కార్డు కడితే గిట్లనే ఉంటది.”

మూడు ఆటలూ ఓడిపోయాడు. మూడోదాంట్లో ఎవడో “నల్లా బంద్” అన్నాడు. నేను నవ్వలేదు. నవ్వలేదని నాకు నేనే ఒక మార్కు వేసుకున్నట్టున్నాను. నోటుబుక్కులో రాశాను: నీరటి. ఐదుకు ఒకటి. కారణం: తోడు కార్డులు అందవు. చూడండి, అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అబద్ధమంతా రికార్డు అట్టలో ఉంది.

ఆ ఖాళీలోకి నా ఏడో కార్డు వెళ్లింది. దాని పేరు చెప్పను. బాగాలేదు.

వారం తర్వాత షాపుకు వెళ్తే, ప్రింటు సరిగా పడుతోందో లేదో చూడడానికి నర్సింలు ఒక రఫ్ కాగితం యంత్రంలో పెట్టాడు. బయటికొచ్చింది నా నోట్సు పేజీ. వెనక్కి తిప్పితే ఒక కార్డు బొమ్మ: బోరు బండి, దాని చుట్టూ నిలబడిన ఊరు. ఇంకో కాగితం వెనక ఇంకో బొమ్మ. దాదాపు నలభై గీసి పెట్టుకున్నాడట, అన్నీ రఫ్ కాగితాల దొంతిలో పడేశాడు. ఆదివారాలు రావడం మానేశాడు. షాపులో గిరాకీ ఎక్కువైందన్నాడు. ఆదివారం మా గేటు ముందు కుక్కలు తప్ప గిరాకీ ఉండదు. అయినా నేను అవునవునన్నాను. ఆ రోజైనా చెప్పొచ్చు కదా? చెప్పొచ్చు. అట్ట చించి తొమ్మిది కార్డులు కౌంటరు మీద పెడితే సరిపోయేది. ముందు పరీక్షలైపోనీ అనుకున్నాను. పరీక్షలయ్యాక ఉద్యోగం రానీ అనుకున్నాను. వాయిదాలు వేయడంలో నాకు ఐదుకు ఐదు.

ఈ ఏడు ముత్తంగి జంక్షన్‌లో కలిశాడు. షాపు ఎప్పుడో మూసేసి గోడౌన్‌లో పనికి కుదిరాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో టిఫిన్ డబ్బా. ఆట నడుస్తోందా అని ఆయనే అడిగాడు. నడుస్తోందన్నాను.

“మనకు ఆ దిమాగ్ లేదని ఆ దినమే ఎరుకైంది తమ్మీ,” అన్నాడు. “మంచిగ చెప్పినవ్. లేకుంటే ఇంకెన్ని కాగితాలు ఖరాబ్ చేద్దునో.”

నాకు కృతజ్ఞత చెప్పాడు. విన్నారా? తిట్టలేదు. మోసం చేశావనలేదు. నేను వేసిన దొంగ మార్కును నాలుగేళ్లుగా తన మార్కుగా మోస్తున్నాడు. నేను మోసేది పదిహేను గ్రాములు. ఆయనది తూచే తక్కెడ మా ల్యాబ్‌లో లేదు.

చెప్పేయడానికి నోరు తెరిచాను. అందులోంచి వచ్చింది ఇది: “కాగితాలు బచాయించిన. చెట్లన్నీ కలిసి నాకు సన్మానం చెయ్యాలె అన్నా.” నవ్వాడు. బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

మొన్న నోటుబుక్కు తీశాను. పాత మార్కు కొట్టేయలేదు. కొట్టేస్తే అదీ దాచినట్టే. కింద రాశాను: నీరటి. మళ్లు లేనిచోట ఒకటి. ఉన్నచోట నాలుగున్నర. ఆ అర కూడా ఇచ్చేవాణ్నే, కానీ ఈసారి దయతో మార్కులు వేయకూడదనుకున్నాను. పరీక్ష చెల్లదు. కట్టలు పేర్చినవాడు దొంగ. కింద నా సంతకం.

క్షమించమని అడగడం లేదు. అడిగితే ఆయనకు ఇంకో పని చెప్పినట్టవుతుంది. మా కోసం ఇప్పటికే చాలా కోసి పెట్టాడు. ఈ కాగితం ఆయనకు చేరుతుందో లేదో కూడా తెలియదు. చేరితే నవ్వుతాడా? ఊరుకుంటాడా? నేను ఊహించను. ఊహల్లో మనుషులు మరీ తొందరగా మెత్తబడతారు. ఒకటి మాత్రం చెప్పగలను. ఇంతదాకా రాశాక ఊపిరి కొంచెం కిందిదాకా వెళ్తోంది. దానికి నేను అర్హుణ్నా అని అడక్కండి, ఊపిరి అలాంటివి చూడదు.

ఇప్పుడు నా ఎదుట ఎవరూ లేరు. జోకు కూడా ఏమీ తట్టడం లేదు. ఆయన అడిగినదానికి జవాబు చెప్పి ముగిస్తాను.

కలపలే అన్నా. తొమ్మిది నా దగ్గర్నే ఉన్నయి.