ఎర్రది తెమ్మంటే ఆకు తెచ్చిన తమ్ముడు

నా చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే మా ఇంట్లో ఒక గది మాకు కాకుండా పోయేది. మా తాతయ్యది నూజివీడులో మామిడికాయల వ్యాపారం. ఇంటికని ఉంచుకున్న చిన్నరసాలను ఆ గదిలో ఒక వరుస వరిగడ్డి, ఒక వరుస కాయలు చొప్పున పేర్చి మాగవేసేవారు. ఆ గది ముందున్న వసారాలోనే మా అత్తయ్య మా తమ్ముడికి రంగులు నేర్పింది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. వాడికి మూడు నిండి రెండు నెలలు.

అత్తయ్య మా నాన్నగారి చెల్లెలు. టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉండేది. మూడు చేటలను వరుసగా పెట్టి, ఒకదానిలో ఎండుమిరపకాయ, ఒకదానిలో మామిడాకు, ఒకదానిలో పసుపుకొమ్ము ఉంచేది. రిబ్బను ముక్కలు, దారపుకండెలు, పూలరేకులు కలిపి వాడి ముందు పోసేది. వాడు ఒక్కొక్కటే తీసి, రంగు పేరు గట్టిగా చెప్పి, సరైన చేటలో వేయాలి. వరుసగా అయిదు తప్పు లేకుండా వేస్తే ఒక చిన్నరసం. అత్తయ్య పండును అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచిక గిల్లి, జీడి పిండేసి, వాడి నోటికి అందించేది.

ముందటి వేసవి వరకు ఆ చేతులు పండు పిసికింది నా కోసం. పైగా ఆటలోని ఎర్ర రిబ్బను నాది. “పొట్టిదైపోయిందిగా, ఇంకెందుకే నీకు?” అంటూ నా ఎదుటే కత్తిరించింది. ఏడు ముక్కలు చేసింది. నేను లెక్కపెట్టాను.

వారం తిరిగేసరికి తమ్ముడికి మూడు రంగులూ వచ్చాయి. ఇంటికి ఎవరు వచ్చినా అత్తయ్య వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని చూపించడం మొదలుపెట్టింది. నాకు ఎక్కాలు పదహారు వరకు వచ్చు. వాటిని ఎవరూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీస్తున్న సమయంలో తమ్ముడిని గడ్డిగదిలోకి తీసుకెళ్లాను. మిరపకాయ చూపించి ఆకుపచ్చ అన్నాను. ఆకు చూపించి ఎరుపు అన్నాను. వాడు నోరు తెరిచి, “అత్తయ్య అలా చెప్పలేదు కదా” అన్నాడు. “అత్తయ్య మర్చిపోయింది. నేను స్కూలుకెళ్తున్నాగా, నాకు తెలుసు” అన్నాను. అత్తయ్య పద్ధతినే అనుసరించాను. ముట్టుకోనివ్వడం, పలికించడం, మళ్లీ అడగడం. గంటలో నేర్చుకున్నాడు. అంత బాగా నేర్పగలిగినందుకు నాకు గర్వం కూడా కలిగింది.

మరునాడు చాట్రాయి నుంచి తాతయ్యకు కాయలు పోసే రైతు ఒకాయన వచ్చాడు. అత్తయ్య ఉత్సాహంగా తమ్ముడిని పిలిచి, “ఎర్రది తీసుకురా నాన్నా” అంది. వాడు పరుగున వెళ్లి ఆకు తెచ్చాడు. అందరూ నవ్వారు. రెండోసారీ ఆకే తెచ్చాడు. మూడోసారికి తాతయ్య నవ్వడం ఆపేశారు.

“మా వైపు ఒకాయనకి ఇలాగేనండీ” అన్నాడు రైతు. “ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనపడతాయంట. సువర్ణరేఖ మామిడికాయ బుగ్గ ఎర్రబడిందో లేదో కూలోళ్లని అడిగి కోయిస్తాడు. పుట్టుకతో వచ్చిందంటండీ, మందు లేదంట.”

తాతయ్య చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టి, మర్నాడు పొద్దున్నే వాడిని బెజవాడ కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లమని నాన్నతో చెప్పారు. అమ్మ వంటింట్లోకి వెళ్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అత్తయ్య ముఖం చిన్నబోయింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే. ఆమె మెచ్చుకున్న పిల్లవాడు అందరి ముందు ఓడిపోయాడు. అయితే అందరూ వాడి చుట్టూ చేరి, వాడి కళ్లలోకే చూస్తున్నారు. ఓడిపోయినా వాడే ముఖ్యుడయ్యాడు. అప్పుడు మళ్లీ కుళ్లు, దాని వెనుకే భయం. డాక్టరు కళ్లలో దీపం వేసి చూస్తే నేను చెప్పిన అబద్ధం బయటపడుతుందని నా నమ్మకం.

అత్తయ్య మాత్రం చేటల దగ్గరకు తిరిగి వెళ్లింది. ఈసారి రంగు పేరు ఎత్తలేదు. ఒక మిరపకాయను చూపించి, “ఇలాంటిది ఇంకోటి తేరా” అంది. వాడు ఎర్ర రిబ్బను ముక్క తెచ్చాడు. ఆకు చూపిస్తే ఆకుపచ్చ దారపుకండె తెచ్చాడు. పదిసార్లు పరీక్షించింది. పదీ ఒప్పే. తర్వాత పేర్లు అడిగింది. ఎరుపు, ఆకుపచ్చ అడిగిన ప్రతిసారీ తప్పే.

“బెజవాడ అక్కర్లేదు నాన్నా” అని తాతయ్యతో చెప్పింది. “తేడా కనపడకపోతే ఓసారి తప్పు చెబుతాడు, ఓసారి ఒప్పు చెబుతాడు. వీడు ఒక్కసారి కూడా ఒప్పు చెప్పట్లేదు. అంటే రెండూ బాగా కనపడుతున్నాయి. పేర్లే తారుమారయ్యాయి. సరిచేస్తాంలెండి.”

ఎవరు తారుమారు చేశారో ఆమె అనలేదు. నా వైపు చూడనూ లేదు. సాయంత్రం గడ్డిలో పండ్లు ఏరుతూ నన్ను పిలిచి, మెల్లగా అడిగింది.

“నాకు వారం పట్టిందే. నువ్వు ఒక్కపూటలో ఎలా నేర్పావు?”

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, తిట్టలేదు.

“ఇందాక వాడికి చెప్పి చూశాను. అక్క చెప్పింది అంటున్నాడు. నా మాట వినడు. ఆ పేర్లు మళ్లీ నువ్వే తిప్పాలి.”

వారం రోజులుగా ఆమె ఒళ్లోని చోటు కోసం కుమిలిపోయాను. వాడు మాత్రం ఆమెను కాదని నా మాట పట్టుకున్నాడు.

తిప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నేను అబద్ధం చెప్పానని వాడితో అన్నాను. వాడికి అర్థం కాలేదు. పేర్లు మళ్లీ కుదురుకున్నాయి కానీ, కొత్త అలవాటు ఒకటి వచ్చింది. మిరపకాయ చేతిలో పట్టుకుని, ముందు నా ముఖంలోకి చూసేవాడు. నేను తలూపితేనే “ఎరుపు” అనేవాడు. ఎదురుగా అంత ఎర్రగా ఉన్నదాన్ని కూడా నన్ను అడగకుండా నమ్మేవాడు కాదు.

వాడికి ఆ రోజులు గుర్తులేవు. నేను తర్వాత ప్రయోగశాలలో కొలతల పని చేశాను, ఎందరికో ఆ పని నేర్పాను. పరికరం ప్రతిసారీ ఒకేలా తప్పు చూపిస్తే, దాన్ని అమర్చిన చేతిని వెతకడం నాకు అత్తయ్య నుంచే అబ్బింది. అది తేలికైన సగం. తప్పు దిద్దాక, తన కళ్లను తాను నమ్మేలా చేయడం కష్టమైన సగం. ఈనాటికీ ఎవరైనా పిల్లలు జవాబు చెప్పబోతూ వస్తువును వదిలి నా ముఖం వైపు చూస్తే, నేను పక్కకు తిరిగిపోతాను. వాళ్లు మళ్లీ వస్తువును చూసి, తమకు కనిపించింది తామే చెప్పేంతవరకు వెనక్కి తిరగను.