తొలి ఎండ

సెప్టెంబరు ఆఖర్లో సైనిక పోస్టుకు చేరాను. లడఖ్, పదహారు వేల అడుగులు. లారీ కిందే ఆగిపోయింది. ఇరవై కిలోల మూటతో ఆరు గంటలు నడక. బంగారుపాళ్యం మామిడితోటల్లో పెరిగినవాణ్ణి, ఊపిరి చాలక పదడుగులకోసారి కూలబడ్డాను.

పహరాతో పాటు వాతావరణం రిజిస్టరు నాకు అప్పగించారు. ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు. చలి, గాలి, మంచు లోతు రాయాలి. సుబేదారు రేకుపెట్టె నిండా ఉన్న పాత రిజిస్టర్లు చూపించి హిందీలో చెప్పాడు.

"ముందు ఇవి చదువు. ఒక్కపూట ఆకాశం చూసి ఈ చోటును నమ్మకు. మనమెంత ఎత్తున ఉన్నాం, ఏ కొండ మబ్బును ఆపుతుంది, ఏ వాలు మీద ఎండ పడుతుంది, అన్నీ కలిసి ఏటేటా ఏం చేస్తాయో ఇందులో ఉంది."

చదవలేదు. తోటవాడికి ఆకాశం గురించి చెప్పొచ్చాడని నా పొగరు.

ఫిబ్రవరిలో మూడు రోజులు మంచు కురిసింది. మావాళ్లు నలుగురు కింది పోస్టులో చిక్కుకున్నారు. వాళ్లలో రేడియో మోసేవాడిది మా జిల్లాలోని పాకాల. నాలుగోరోజు తెరిపి ఇచ్చింది. పదకొండున్నరకు అతని పిలుపు.

"అప్పా, ఆడ ఎట్లుండాది?"

"ఎండ బాగా కాస్తా ఉండాది. వచ్చేయండబ్బా, టీ పెడతా."

సుబేదారు పహరా దిగి నిద్రపోతున్నాడు. లేపలేదు. మా ఊళ్లో వాన వెలిసి ఎండొస్తే అందరూ తోటకు బయల్దేరతారు. అక్కడ కొత్త మంచుకు తొలి ఎండ తగిలితే, వాళ్లు ఎక్కి రావలసిన దక్షిణపు వాలు జారుతుంది.

పన్నెండూ నలభైకి జారింది. ముగ్గురు బయటపడ్డారు. పాకాలవాడు లేడు. సుబేదారు లేచి, బంకరు నుంచి అతని సెట్టు నంబరు మూడును రేడియోలో పిలుస్తూనే ఉన్నాడు. నేను పార తీసుకుని పరుగెత్తాను. మంచు అడుగున సుబేదారు గొంతు వినిపించింది.

"మూడు, జవాబివ్వు. మూడు, జవాబివ్వు."

ఆ గొంతు వచ్చినచోట తవ్వాం. సెట్టు మాట్లాడుతూనే ఉంది. అతను మాట్లాడలేదు.

ఆ సాయంత్రం రేకుపెట్టె తెరిచాను. దాదాపు ప్రతి ఏడాదీ అదే వాలు, అదే తొలి ఎండ.

సెలవులో ముందు పాకాలలోనే రైలు దిగాను. వాళ్ల నాయన మంచం మీద కూర్చోబెట్టి అడిగాడు.

"ఆ పొద్దు గాలీవానా జాస్తిగా ఉండెనా, అబ్బా?"

"లేదు నాయనా. మంచి ఎండ. నేనే రమ్మన్న్యా."

ఆయన వాకిట్లో ఎండకేసి చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పటికీ వాన వెలిసి ఎండ రాగానే ఇంట్లో కూర్చోలేను. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికొస్తాను. కళ్ల ముందు అదే తెల్లటి వాలు. దాని అడుగు నుంచి ఒక గొంతు, జవాబివ్వమని.