కిలోమీటర్లంటే గిట్టని మనిషి

మొన్న పొదిలి బస్టాండులో ఒంగోలు బస్సెక్కి కూర్చుంటే, ముందు సీట్లో ఎవరో నిమ్మకాయ గిల్లి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. డీజిల్ పొగ, చెమట, వాటి మీద ఆ పుల్లటి ఘాటు. అందరికీ వాంతి ఆపే వాసన నాకు మాత్రం పడదు. నేను పోతున్నది వెనకబడిన మండలాల అభివృద్ధి మీద మీటింగుకి. ఏసీ హాల్లో గోడ మీద పటం వేస్తారు. సముద్రం వైపంతా పచ్చరంగు. పడమటన మా మార్కాపురం, గిద్దలూరు, కొనకనమిట్ల, వెలిగండ్ల అంతా ఎరుపు. ఆ ఎరుపును ఏటా ఎవరో ఒక కొత్త అధికారి అప్పుడే కనిపెట్టినట్టు చెబుతారు, మేము ఏటా రాసుకుంటాం. మా సుబ్బరాయుడు సార్ బతికుంటే ఆ హాల్లో లేచి నిలబడి, "ఈ పటం గీసినాయన మా బస్సు ఎన్నిసార్లు ఎక్కినాడు?" అని అడిగేవారు. నేను తల దించుకుని కుర్చీ కింద దూరేదాన్ని.

ఆయన మా మండలాఫీసులో సూపరింటెండెంటు. నేను కాంట్రాక్టు మీద చేరిన కంప్యూటర్ ఆపరేటర్ని. మాది పొదిలిలో కిరాణా దుకాణం, ఆయనది ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న గిద్దలూరు పక్కన సేద్యం చేసుకునే కుటుంబం. "మమ్మల్ని కర్నూలోళ్ళు వదిలించుకున్నారు, ఒంగోలోళ్ళు ఇంకా కలుపుకోలేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. నేను చేరిన మొదటిరోజే పింఛను కోసం ఒక ముసలమ్మ వచ్చింది. సార్ ఆమె కాగితాలు చూడలేదు, పేరు అడగలేదు. "ఇంటికాడ ఎన్ని గంటలకు బయల్దేరినావమ్మా?" అన్నారు. ఆమె చెప్పింది. సొరుగులోంచి పొడవాటి నోటుపుస్తకం తీసి, ఆమె ఊరి పేరు కింద ఆ టైము, ఆఫీసు చేరిన టైము రాసుకున్నారు. ఆ తర్వాతే పింఛను సంగతి. ఎవరొచ్చినా ఇదే తంతు. బయట వరుసలో జనం గొణుగుతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "సార్, పింఛనుకొచ్చిన మనిషిని బస్సు టైము అడుగుతారేంది? కిలోమీటర్లు అన్నీ కంప్యూటర్లో ఉన్నాయి కదా."

"కిలోమీటర్లు ఏం చేసుకుంటావమ్మాయ్? వాళ్ళ కిలోమీటరు మీద ఆటోలు తిరుగుతాయి. మన కిలోమీటరు మీద మేకలు తిరుగుతాయి. రెండూ ఒకటేనా?"

"ఫారంలో దూరం గడిలో కిలోమీటర్లు తప్ప ఇంకేదీ పట్టదు సార్."

"పట్టకపోతే గడి మార్చమను."

"ఎవర్నడగాలి?"

"గీసినోణ్ణి!"

ఇదీ వరస. గీసినవాడు ఎక్కడున్నాడో దేవుడికే తెలియాలి, ఇక్కడ గంటగంటకూ పైఆఫీసు నుంచి ఫోన్లు నాకు. ఆయనతో పని చేసిన నాలుగేళ్ళలో నా జుట్టు సగం ఊడిపోయింది, అబద్ధం కాదు.

అట్లాంటి రోజుల్లోనే వెనకబడిన ప్రాంతాలకు డయాలసిస్ కేంద్రాలు ఇస్తామని కబురొచ్చింది. మా మండలంలో కిడ్నీలు పాడైనవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో కోటమ్మక్క ఒకామె. కొండ కింద చివరి పల్లె ఆమెది. వారానికి మూడుసార్లు మొగుడు చెన్నయ్యను తోడు తీసుకుని రక్తం శుభ్రం చేయించుకోవడానికి ఒంగోలు పోయేది. కేంద్రం పొదిలికి వస్తే పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇంట్లో ఉండొచ్చు, చెన్నయ్య కంది చేనుకు పోవచ్చు. ఆ ఇంట్లో అందరి ఆశా దాని మీదే. కానీ దరఖాస్తులో ఒక మెలిక ఉంది. చెప్పిన కిలోమీటర్ల లోపల ఇప్పటికే ఒక కేంద్రం ఉంటే కొత్తది ఇవ్వరు. మేము ఆ గీతకు కొంచెం లోపలే పడతాం. అయితే దూరం గడి కింద ఇంకో గడి ఉంది, 'ప్రత్యేక కారణాలు' అని. సార్ కళ్ళు దాని మీద పడ్డాయి.

గడువు చివరిరోజు తెల్లవారకముందే ఆయన కోటమ్మక్క ఇంటికి పోయారు, ఆమెతోపాటు బస్సెక్కి ప్రయాణమంతా టైము రాసుకొస్తానని. "నేనొచ్చేదాకా ఆ రెండు గడులు ముట్టుకోవాక" అని ముందురోజే చెప్పారు. అంతకుముందు నెలరోజులు ఏం చేశారో! నోటుపుస్తకంలో పాత టైములున్నాయి కదా అంటే, "అవి ఆరోగ్యంగా ఉండేవాళ్ళవి" అన్నారు. సాయంత్రం ఐదింటికి వెబ్‌సైటు మూతపడుతుంది. నాలుగైంది, ఆయన జాడ లేదు, ఫోను కలవదు. పైఆఫీసు నుంచి ఒకటే అరుపులు, మీ మండలం ఒక్కటే మిగిలింది, నిద్రపోతున్నారా అని. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్లో మ్యాపు తెరిచి, కనిపించిన కిలోమీటర్లు మొదటి గడిలో కొట్టాను. రెండో గడి ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వలేదు. 'లేవు' అని కొట్టి పంపించేశాను. పీడ విరగడైందనుకుని టీ తెప్పించుకు తాగాను కూడా.

ఆరున్నరకు సార్ వచ్చారు. చొక్కా అంతా దుమ్ము, చేతిలో రెండు కాగితాలు, రెండువైపులా రాసి ఉన్నాయి.

"పంపించినావా?"

"ఐదింటికి మూసేశారు సార్. మీ ఫోను కలవలేదు, నన్నేం చేయమంటారు?"

కళ్ళజోడు పెట్టుకుని ప్రింటు చదివారు. "కారణాలు లేవా?"

"ఏదో ఒకటి కొడితేగానీ పోదు సార్. అయినా మీరు రాసింది అక్కడ ఎవరు చదువుతారు?"

"చదవరేమో. కానీ కోటమ్మ ఉంది కదమ్మాయ్, లేవు అని ఎట్ల రాసినావు?"

అంతే అన్నారు. తిట్టలేదు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి పోయారు. రెండు రోజుల తర్వాత మాత్రం నన్ను సెలవు పెట్టించి చెన్నయ్యకు బదులు కోటమ్మక్క వెంట పంపించారు.

పొద్దున ఐదుకు బయల్దేరాం. రోడ్డు దాకా నడక, బస్సు కోసం నిలబడటం, పొదిలిలో మళ్ళీ నిలబడటం. అక్క ఒంట్లో నీరు చేరి పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. దాహమేస్తే నీళ్ళు తాగకూడదట, నోరు తడుపుకుని ఊసేది. సంచిలో నిమ్మకాయ, కడుపులో తిప్పినప్పుడల్లా వాసన చూసేది. "కొత్త కదా, నువ్వు కూడా చూడు పాపా" అని నా ముక్కు దగ్గరా పెట్టింది. తిరుగు బస్సులో సీటు దొరకలేదు. నాలుగు గంటలు మంచం మీద రక్తం కడిగించుకున్న మనిషి, మెట్ల మీద కూర్చుని నా మోకాలికి తల ఆనించింది. "పొదిలికి వస్తాదంట కదా పాపా, నువ్వే రాసి పంపినావంట" అంది. ఊ అన్నాను.

జాబితా వచ్చింది, మేము లేము. సార్ ఆ రెండు కాగితాలకు నకళ్ళు తీయించి కనిపించిన ప్రతి ఆఫీసుకూ పంపారు. ఒక్కచోటు నుంచి జవాబొచ్చింది, మీ దరఖాస్తు ప్రకారం ప్రత్యేక కారణాలు లేవు అని. దాన్ని నా బల్ల మీద పెట్టకుండా ఆయనే దాచేశారు. బదిలీ అయిపోయాక ఆయన సొరుగు సర్దుతుంటే దొరికింది నాకు. కోటమ్మక్కకు వారానికి మూడుసార్లు రెండయ్యాయి, రెండు ఒకటయింది. "ఇంక నేను పోలేను, నన్ను వదిలేయండి" అందట. ఎండాకాలం దాటలేదు.

సారూ నేనూ పలకరించడానికి పోయాం. వాకిట్లో కూర్చున్న చెన్నయ్య మామ లేచి నాకు పీట వేశాడు. మామూలుగానే అడిగాడు.

"మన ఊరి నుంచి ఒంగోలుకు ఎంత దూరమని రాసినావమ్మా?"

చెప్పాను. ఆయన వేళ్ళ మీద ఊళ్ళు లెక్కపెట్టుకున్నాడు. తల ఊపాడు.

"కరెక్టుగానే రాసినావులేమ్మా. అంతే ఉంటాది."

పక్కన సార్ నేల చూస్తున్నారు. దూరం తప్పు రాసి ఉంటే చెన్నయ్య మామ కాళ్ళు పట్టుకునేదాన్ని. రెండో గడిలో ఏం రాశానో ఆయన అడగలేదు. సార్ కూడా తాను చనిపోయేదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెన్నయ్య మామ ఇప్పటికీ ఆఫీసుకొస్తే, మా కోటమ్మ కోసం కష్టపడిన పాప అని నన్ను చూపించి చెబుతాడు.