అవ్వ తీసుకోని రొట్టె

మొన్న ఆదివారం ప్రొద్దుటూరు చర్చిలో, యేసు పేర రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభుబల్ల గిన్నె చేతికందినప్పుడు, ద్రాక్షరసం వాసనకు మా జమ్మలమడుగు అవ్వ గుర్తొచ్చింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఢిల్లీలో ఎవరు గద్దెనెక్కాలన్న దాని మీద వాదించుకుని మా నాయన, చిన్నాయన మాటలు మానేశారు. ఓట్లు అయిపోయినా కోపం పోలేదు. జమ్మలమడుగు చర్చిలో నాయన ముందు వరసలో కూర్చుంటే, చిన్నాయన గుమ్మం పక్కన కూర్చునేవాడు.

ఆ ఆదివారం పాస్టరుగారు రొట్టె తెస్తే, అవ్వ వద్దని తల ఊపి ముసుగు ముందుకు లాక్కుంది. అవ్వ తప్పుడు గుర్తుకు ఓటేసిందనీ, అందుకే దేవుడు ఆమెకు రొట్టె లేదన్నాడనీ నేననుకున్నాను. ఏడుపు ఆగలేదు.

"అవ్వా, దేవునికి చెప్పి నీ ఓటు మార్పిచ్చుకుందాం," అన్నాను, చర్చంతా వినపడేలా.

అవ్వ నా కళ్లు తుడిచింది. "ఓటు కాదు నా తల్లీ. నా బిడ్డలిద్దరూ మాట్లాడుకోకుంటే నాకీ ముద్ద యాడ దిగుతాది?"

నాయన లేచి గుమ్మం దాకా నడిచాడు. "రారా, అమ్మ తినకుండా కూచోనుంది."

"నేను పార్టీ మాత్రం మారనన్నా," అన్నాడు చిన్నాయన, లేచి నిలబడుతూ.

"మారొద్దులేరా. వచ్చి నా పక్కన కూచో."

ఇద్దరూ వచ్చి కూర్చున్నాకే అవ్వ చేయి చాపింది.

అభిప్రాయాలు వదులుకోమని ఆమె ఎవరినీ అడగలేదని నాకు చాలా ఏళ్లకు అర్థమైంది. తర్వాతి ఎన్నికల్లోనూ అన్నదమ్ములు చెరో పార్టీకే ప్రచారం చేస్తూ తిరిగారు. సాయంత్రం మాత్రం ఒకే బండి మీద, దారంతా వాదించుకుంటూ ఇంటికొచ్చేవారు.