రాయిలేని వరుస

మొన్న గురువారం పొద్దున్నే మా తమ్ముడు ఫోన్ చేసి, తోట తాత పోయాడని చెప్పాడు. అయ్యో అనడానికి ముందే నా నోట్లోంచి వచ్చిన మాట, "మరి నాన్న సమాధి ఎవరు చూపిస్తారు?" అందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

జంషెడ్‌పూర్‌లో మా కతోలికుల సమాధుల తోటకి ఆయన కాపరి. అంతకుముందు వాళ్ల నాన్న. పాత రిజిస్టరు చెదలు తినేసింది కాబట్టి తోట చరిత్రంతా ఆయన బుర్రలోనే ఉండేది. గోడవారన తొలినాటి రైల్వేవాళ్లు, వేపచెట్టు కింద ఒకే ఏడాది జ్వరంతో పోయిన పిల్లలు, వాళ్ల వెనక కార్ఖానా పనికొచ్చిన ఆదివాసులు, చివర బరువులు మోసే పనికొచ్చిన మా శ్రీకాకుళం ఖలాసీలు. మావాళ్లకి రాళ్లుండవు. వానలకి మట్టి కుంగి వరుసంతా ఒక్కలాగే కనబడుతుంది.

ఏటా మృతుల పండుగకి మేముండే బాగ్‌బేరా నుంచి కొవ్వొత్తులు పట్టుకుని వెళ్లేవాళ్లం. తాత కర్రతో తట్టి, ఇదే మీ నాన్న అని చూపించేవాడు. ఒక ఏడు ఆయన వచ్చేలోపే అమ్మ ఇంకెవరిదో సమాధి ముందు కూర్చుని, కొవ్వొత్తి వెలిగించి ఏడ్చేసింది. ఆయన నవ్వలేదు. "ఆడికెవురూ నేరమ్మా. ఎలిగించీసినావు కదా, ఉండనీ" అన్నాడు. అప్పట్నుంచి ఎవరూ లేని ఆయనకీ కలిపి ఏటా రెండు కొవ్వొత్తులు తీసుకెళ్లేవాళ్లం.

చోటు చాలక, రాయిలేని పాత సమాధుల్ని మళ్లీ తవ్వుతారని నిరుడు తెలిసింది. అప్పట్నుంచి నాకు కుదురు లేదు. గుర్తులు రాసుకుంటానంటే, "నానుండగా కాయితమేటే?" అని తాత కసిరాడు. తవ్వకూడని వాటి చుట్టూ సున్నం గీస్తాను, వచ్చి దగ్గరుండి చూసుకోమన్నాడు. ఈ ఆదివారం వస్తా, వచ్చే ఆదివారం వస్తా అంటూ మూడుసార్లు వాయిదా వేసింది నేనే. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు.

ఆయన్ని మట్టిచేసి అందరూ వెళ్లాక, మా వరుసలో ఆ చివర్నించి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నాను. పదకొండు దిబ్బలు. ఎక్కడ నిలబడినా పక్కదే నాన్నదేమో అనిపించింది. ఇక ఉండబట్టలేక తాత గదిలోంచి సున్నం బకెట్ తెచ్చి, పదకొండింటి చుట్టూ గీసేశాను. ఫాదరు వచ్చి, ఇందులో మీ నాన్నగారిది ఏదని హిందీలో అడిగారు.

"అన్నీ మావే ఫాదర్" అన్నాను తెలుగులోనే.

బకెట్ అడుగున మిగిలింది తీసుకెళ్లి తాత చుట్టూ గీస్తే, సగం వరకే వచ్చింది.