చాపలు పరిచే పిన్ని కేసు

మొన్న భీమవరం కోర్టు వరండాలో మా తమ్ముడు ఒక ముసలి రైతు పక్కన కూర్చుని, లోపల తాను ఏం వాదించబోతున్నాడో తెలుగులో వివరిస్తున్నాడు. ఆయన తలూపేదాకా లేవలేదు. జూనియర్లు గడియారాలు చూసుకుంటున్నారు. నాకు పిన్ని గుర్తుకొచ్చింది.

పిన్ని మాకు చుట్టం కాదు. ఆదివారం ప్రార్థనకి అందరికంటే ముందొచ్చి మా ఏసుప్రభువు గుడిలో చాపలు పరిచేది, అందుకని సంఘమంతటికీ పిన్నే. నా అన్నవాళ్లు లేరు. రొయ్యల చెరువుల ఆసామి ఇంట్లో వంట చేసేది. అక్కడ గొలుసు పోయి, దొంగతనం కేసు ఆమె మీద పడింది. బెయిలు మీద వచ్చాక గుడి లోపలికి రాలేదు. బయట చెప్పుల దగ్గరే కూర్చునేది. పాస్టరుగారు బతిమాలితే, "ఈ మాట పోయేదాకా ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముట్టనండి" అంది.

తమ్ముడు కొత్తగా నల్లకోటు తొడిగిన రోజులవి. మే నెల ఉక్కలోనూ విప్పేవాడు కాదు. అన్నం వడ్డిస్తున్న అమ్మని ఎక్కడ 'యువర్ ఆనర్' అంటాడోనని మాకు భయం. పేరొస్తుందని ఈ కేసు పట్టాడు. పిన్నికి తోడుగా నేనూ వెళ్లాను. కోర్టులో ఇంగ్లీషు దంచేస్తుంటే నేను పొంగిపోయాను. బయటికి రాగానే పిన్ని అడిగింది.

"బాబూ, ఇంతకీ నేను తీశానన్నావా, తీయలేదన్నావా?"

"అదెందుకు పిన్నీ ఇప్పుడు? ఆసామిగారు రాజీకి దిగారు. తప్పయింది క్షమించమని ఒక్క మాట అను, కేసు పోతుంది."

"తియ్యనిదానికి క్షమించమంటే తీసినట్టేగా నాయనా! జైలుకే పోతాలే. అక్కడా ప్రార్థన చేసుకోనిస్తారు."

ఆ సాయంత్రం తమ్ముడు కోటు విప్పి అరుగు మీద కూలబడ్డాడు. "ఆవిణ్ణి నేనొక్కసారీ ఏమీ అడగలేదక్కా" అన్నాడు. ప్రభువు సైతం గుడ్డివాణ్ణి ఏం కావాలని అడిగాకే బాగుచేశాడు. ఆదివారం బడి నుంచీ వింటున్న సంగతే, ఇద్దరికీ ఆ పూటే తలకెక్కింది.

మర్నాడు తమ్ముడు పిన్ని ఇంటి గుమ్మంలో కూర్చుని, ఆమె చెప్పినదంతా నోరెత్తకుండా విన్నాడు. రాజీ వద్దన్నాడు. వాయిదా నాడు లేచి, "ఈవిడ తీయలేదండి" అని తెలుగులోనే మొదలుపెట్టాడు. ఆ మాట వినగానే పిన్ని కొంగుతో కళ్లొత్తుకుంది. వాయిదాలు సాగి సాగి, చివరికి నిర్దోషి అని తీర్పొచ్చింది.

పిన్ని మళ్లీ ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేసరికి జుట్టంతా నెరిసింది. తమ్ముడు చెయ్యి పట్టుకుని నడిపించాడు. పోయిన పేరు తీర్పుతో తిరిగొచ్చింది గానీ, వాకిట్లో గడిచిపోయిన ఆ ఆదివారాలను ఇవ్వగల కోర్టు ఈ లోకంలో లేదు. అవి ప్రభువు దగ్గర భద్రంగా ఉన్నాయని నమ్ముతాను.